ఉద్ది

చివరి లారీ టార్పాలిన్ బిగించుకుని
ఢిల్లీ దారి పట్టాక
పొదలకూరు నిమ్మకాయల మండీలో
కాటాను గోడవారకు జరుపుతారు.
చితికిన కాయలూ వరిగడ్డీ ఊడ్చేసి
నేల మీద సున్నంతో
రెండు వలయాలు గీస్తుంది రవణమ్మ.
లోపలిది చిన్నది, బయటిది కొంచెం వంకర.
ఏ రోజూ అది గుండ్రంగా రాలేదు,
గుండ్రంగా గియ్యమని ఎవరూ అడగలేదు.

మాలకొండయ్య మా గురువు.
ముప్పై ఒక్క ఏళ్ళు ఆత్మకూరు డిపోలో కండక్టరు.
ఉద్యోగం దిగాడు గానీ
మెళ్ళోంచి ఈల దిగలేదు.
ఒక్క ఈలకు నిలబడాలి,
రెండీలలకు కదలాలి,
పొడుగీల వేస్తే కోపు మారాలి.
మేం పదహారుమందిమి, ఎనిమిది జతలు.
ఎవరైనా తప్పితే
"ఏమ్మే, స్టేజీ దాటిపోయినావు, దిగు" అంటాడు.

దిగినందుకు జుల్మానా ఒక నిమ్మకాయ.
శనివారం బుట్టలో ఎన్నుంటే అన్నీ
ఉప్పేసి పిండి, అందరం తాగాల్సిందే.
తప్పులెక్కువైన వారం
నీళ్ళు భలే పుల్లగా ఉంటాయి.

కొత్తగా వచ్చినవాళ్ళకి
నెలరోజులు కోలలివ్వరు.
గట్టున కూర్చుని తొడ మీద లెక్క కొట్టాలి.
నేనూ కొట్టాను.
ఆ నెలలోనే, పగలు కాయలేరేటప్పుడు
పెద్దది, చిన్నది, పండుది, పచ్చిది
అంటూ నా చేతులు
వాటంతటవే నాలుగు దెబ్బల్లో పడ్డాయి.
మేస్త్రి చూసి
"ఏంది, కాయల్తో ఆడతా ఉండావా" అన్నాడు.

కోలలు నిమ్మ చేవవి.
ఎండుతెగులొచ్చిన తోట నరికేసినప్పుడు
ఖాజాబీ మొగుడు దుంగలడిగి తెచ్చి
చిత్రిక పట్టి ఇచ్చాడు.
తుమ్మకోల మొరటుగా మోగుతుంది,
వెదురుది డొల్లగా.
నిమ్మకోల, అడిగినదానికే జవాబు చెప్పే మనిషిలా
టక్కున పలికి ఊరుకుంటుంది.
విరిగినవి టీ కాచే పొయ్యిలోకి పోతాయి.
ఆ రోజు టీ కాస్త పులుపంటుంది వెంగమ్మ.
పులుపేం ఉండదు.

నా ఉద్ది చెంచమ్మ.
ఉద్ది అంటే ఎదురు నిలబడేది,
నా కుడికోలకు తన ఎడమకోల.
మాఘం నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు.
చీటీపాట బాకీ రెండువేల ఎనిమిదొందలు.
ఇచ్చానంటుంది, ముట్టలేదంటాను.
బజార్లో ఎదురైతే తను అటు, నేను ఇటు.
ఉద్దిని మార్చమని గురువునడిగితే
ఈలను చొక్కాకు తుడుచుకుంటా అన్నాడు:
"బస్సులో నచ్చినోళ్ళ పక్కనే కూర్చుంటామా మే?
టిక్కెట్టు కొన్నాక
ఆ పక్క మనిషితోనే పోబళ్ళా."

వలయంలో పక్కచూపు పనికిరాదు.
చూపు తప్పిందా, కోల వేలికణుపు మీద పడుతుంది.
అట్టా నాలుగు నెలలు
ఆ మనిషి కళ్ళలోకే చూశాను.
కుడి కంటి కింద చిన్న పుట్టుమచ్చ ఉందని
పదేళ్ళ నేస్తంలో తెలీనిది
కొట్లాటలో తెలిసింది.

నర్రవాడ తిరునాళ్ళలో జడకోలాటం.
మధ్యలో గుంజ, పైనుంచి పదహారు తాళ్ళు,
ఎరుపొకటి, పచ్చొకటి.
లోపలికి దూరి, బయటికి వచ్చి,
జడ కిందికి దిగుతుంటే
జనం ఈలలు.
వాటిల్లో మాలకొండయ్య ఈల ఏదో
మాకు అందలేదు.
ఒకరు ఆగారు, ఒకరు కదిలారు,
జడ నడుం దాకా అల్లుకుని
ముడిపడింది.

ముడి విప్పాలంటే కత్తెర పనికిరాదు.
వచ్చిన దారినే వెనక్కి పోవాలి,
వేసిన అడుగల్లా తిరిగి వెయ్యాలి,
తప్పుటడుగుతో సహా.
అల్లేటప్పుడు మొహాలు కనబడతాయి,
విప్పేటప్పుడు అన్నీ వీపులే,
అన్నీ ఒకే పసుపు చీరలు.
నా వెనక ఎవరిదో ఊపిరి, ఆ వెంటనే
"కాలు చూసుకో, తాడు తొక్కతా ఉండావు."

నాలుగు నెలల తర్వాత మొదటి మాట.
నేను కాలు తీశాను.

తిరుగుదారిలో ఆటోలో
కోలల సంచి మా ఇద్దరి మధ్య.
గుంత వచ్చినప్పుడల్లా
వాటిలో అవి ఏదో మాట్లాడుకున్నాయి.
బాకీ సంగతి తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
అది ఇంకా తీరలేదు.

శనివారం బుట్టలో ఇరవై మూడు నిమ్మకాయలు.
మొదటి గుక్కకే
చెంచమ్మ మొహం ముడుచుకుపోయింది,
పుట్టుమచ్చ కూడా ఎక్కడికో పోయింది.
నాకు నవ్వొచ్చింది.
ఆపుకున్నాను,
కాసేపు.